మంచులో నాగలి పట్టాను!

మంచు అనగానే మీకేం గుర్తొస్తుంది? నిజం చెప్పండి. నాకయితే సినిమా పాటే గుర్తొస్తుంది. హీరోగారికి స్వెట్టరు, దాని మీద కోటు, మెడకి మఫ్లరు, చేతులకి గ్లవ్సు. పక్కనే హీరోయిన్‌కి మాత్రం పల్చటి షిఫాను చీర! యిద్దరూ కొండ మీది నుంచి దొర్లుకుంటూ కిందికొస్తారు. లేచి నిలబడితే జుట్టయినా చెదరదు. యిక్కడ హాల్లో మనం తిరగని ఫ్యాను కింద చెమట తుడుచుకుంటూ "ఆహా, యెంత చల్లగా వుందో!" అనుకుంటాం.

ఆ మంచులో నేనూ దొర్లి వచ్చాను. మొన్న జనవరిలో జపాను వెళ్లి, హకుబా అనే కొండవూళ్లో నాలుగు రోజులున్నాను. దొర్లడం మాత్రం సినిమాలో లాగా జరగలేదని ముందే మనవి చేసుకుంటున్నాను. ఆ ముచ్చటంతా చెబుతాను. దాంతో బాటు ఆ ప్రయాణానికి డబ్బు యెక్కడిదో కూడా చెప్పాలి. అది చెప్పకపోతే కథ సగమే అవుతుంది.

మా వూరి చలి

మాది మేడ్చల్. యిప్పుడు మేడ్చల్ అంటే నలభై నాలుగో నంబరు జాతీయ రహదారి, గోడౌన్లు, వెంచర్ల బోర్డులు. 2016లో జిల్లా పేరులో కూడా చేరింది. మా చిన్నతనంలో మేడ్చల్ అన్నా, షామీర్‌పేట అన్నా ద్రాక్షతోటలు. అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష. పొడుగాటి పండు. పండితే తేనెరంగు తిరిగేది. రాతి కడీల మీద తీగ పందిరి, దాని కింద మేము. మధ్యాహ్నం వేళ కూడా పందిరి కింద పలచటి చీకటి వుండేది.

అక్టోబరులో తీగ కత్తిరిస్తే చలికాలమంతా గెలలు పెరిగి, శివరాత్రి దాటేసరికి కోతకి వచ్చేవి. అంచేత మాకు చలికాలమంటే సెలవులు కాదు, కాపలా. నాయిన గొంగడి కప్పుకుని తోటలో పడుకునేవాడు. నేను కూడా వెళ్తానని మారాం చేసి, అర్ధరాత్రి వణికి యింటికి పోతానని యేడ్చేవాణ్ని. మా వైపు చలి తక్కువేమీ కాదండీ! డిసెంబరులో తెల్లవారుజామున పది డిగ్రీలకి దిగే రోజులు కూడా వుంటాయి.

తర్వాత బోర్లు యెండిపోయాయి. కూలీ పెరిగింది. భూమి ధర అంతకన్నా పెరిగింది. పందిళ్లు వొకటొకటే దిగిపోయాయి. అమ్మినవాళ్లని నేను తప్పు పట్టను. మేమూ అమ్మాం. అక్క పెళ్లికి కొంత, బోర్ల అప్పు తీర్చడానికి కొంత. చివరికి షామీర్‌పేట వైపు యెకరంన్నర మిగిలింది. అందులో నాయిన ఆకుకూరలు వేస్తాడు.

యిప్పుడు శనివారం సాయంత్రమయితే రాజీవ్ రహదారి మీద పట్నం కార్లు బారులు తీరతాయి. షామీర్‌పేట చెరువు గట్టు మీద ఫొటోలు, ఆ చుట్టుపక్కల రిసార్టుల్లో చలిమంటలు, పాటలు. ఆ చెరువు దగ్గర సినిమా షూటింగులు జరిగితే మేం సైకిళ్ల మీద పోయి చూసేవాళ్లం. యిప్పుడు చలికాలం కూడా అమ్ముడుపోయే సరుకయింది. కాకపోతే అమ్మేది మేం కాదు. మేం ప్రహరీ గోడకి యివతల వున్నాం.

క్రిందటి శీతాకాలం ఆ యెకరంన్నరకి కూడా బేరం వచ్చింది. రిసార్టుకేనట. నాయిన "నీ యిష్టం బిడ్డా" అన్నాడు. నా యిష్టమేమిటో నాకు బాగానే తెలుసు. కొంపల్లిలో వొక ఫ్లాటు. పది లక్షలు బయానా పుచ్చుకున్నాం. ఉగాది తర్వాత రిజిస్ట్రేషను. టోక్యోలో సాఫ్ట్‌వేరు వుద్యోగం చేస్తున్న నా డిగ్రీ మిత్రుడు "మంచు చూద్దువు గాని రారా" అని మూడేళ్లుగా పిలుస్తున్నాడు. ఆ బయానాలోంచి లక్షా యెనభై వేలు తీసి నాయినే నా చేతిలో పెట్టాడు. "పోయిరా. పెండ్లయితే మళ్ల యెప్పుడు పోతవ్?" అన్నాడు.

పాఠకమహాశయులారా, నేను మంచు చూసింది ఆకుకూరల మడి మీద తీసుకున్న డబ్బుతో!

సయొనారా దేశంలో

జపాను అంటే మా యింట్లో మొదట తెలిసింది అక్క జడ వల్ల. రెండు పూసలున్న రబ్బరు బ్యాండు. దాని పేరు "లవ్ ఇన్ టోక్యో". 1966లో ఆశా పరేఖ్, జాయ్ ముఖర్జీ నటించిన హిందీ చిత్రం పేరు మీద వచ్చిన ఆ బ్యాండు, సినిమా వెళ్లిపోయిన యెన్నో యేళ్లకి కూడా మా కిరాణా కొట్లో వేలాడుతూనే వుండేది. సినిమా బలం అలాంటిది!

టోక్యోలో ఆ బ్యాండు కనిపించలేదు గాని షింకన్‌సెన్ కనిపించింది. అదే, బుల్లెట్ రైలు. గంటన్నరలో నగానో చేర్చింది. టోక్యోలో యెండ కాస్తోంది, నేల పొడిగా వుంది. కొండల్లోకి దూరి సొరంగాలు దాటేసరికి యిళ్ల కప్పుల మీద తెల్లటి దిండ్లు పరిచినట్టు మంచు. అక్కణ్నించి గంట పైచిలుకు బస్సు. హకుబాలో దిగేసరికి దారికి రెండు వైపులా నా యెత్తు మంచుగోడలు.

యింత మంచు యెక్కడి నుంచి వస్తుందని మిత్రుణ్ని అడిగాను. సైబీరియా నుంచి చలిగాలి వీస్తుంది. జపాను సముద్రం దాటుతూ తేమ తాగుతుంది. యివతల కొండలు అడ్డం వచ్చేసరికి ఆ తేమనంతా మంచుగా దింపేస్తుంది. మనకి నైరుతి గాలి సముద్రం మీది నుంచి తేమ తెచ్చి పడమటి కనుమల మీద వాన కురిపించినట్టే. అంటే హకుబావాళ్లకి మంచుకాలం మన వానాకాలం లాంటిదన్నమాట.

మేం దిగింది పెద్ద హోటలు కాదు. మిన్షుకు. వొక రైతు కుటుంబం తన యింట్లోనే గదులిచ్చి, తాము తినేదే వండిపెట్టే బస. మిన్షుకు పద్ధతికి పుట్టిల్లు మా వూరేనని హకుబాలో గర్వంగా చెప్పుకుంటారు. గుమ్మంలో బూట్లు విప్పి చెప్పులు మార్చాలి. గదిలో చాప. మధ్యలో పొట్టి బల్ల, దాని మీద బొంత, బొంత కింద చిన్న హీటరు. దాన్ని కొటత్సు అంటారు. కాళ్లు అందులో పెట్టి కూర్చుంటే లేవబుద్ధి కాదు. నాకు నాయిన గొంగడి గుర్తొచ్చింది.

రాత్రి భోజనానికి అన్నం, మిసో పులుసు, ఆ జిల్లాలో ప్రసిద్ధమయిన నొజవానా అనే ఆకు వూరగాయ. ఆవాల కుటుంబానికి చెందిన ఆకును వుప్పులో వూరేస్తారు. నేను సీసాలో తెచ్చిన గోంగూర పక్కన పెట్టాను. యింటి పెద్దాయన వేలితో రవ్వంత తీసి నాలిక మీద వేసుకుని, కళ్లు మూసుకుని, మంచినీళ్లు తాగి, మళ్లీ అడిగాడు! డెబ్బయి దాటిన మనిషి. ఆ తర్వాత ఆ సీసా నాది కాదు.

నాగలి పాఠం

మర్నాడు అసలు ఘట్టం. స్కీయింగ్!

హప్పో-ఒనే అనే కొండవాలు అక్కడ పేరున్నది. ఆఖరి లిఫ్టు దిగే చోటు 1,831 మీటర్ల యెత్తు. కిందికి రావాలంటే వెయ్యి మీటర్లకి పైగా దిగాలి. 1998లో నగానో శీతాకాల వొలింపిక్సు జరిగినప్పుడు పెద్ద పెద్ద వీరులు అక్కణ్నించే దూకుతూ దిగారు. మన వీరుడు, అంటే నేను, పిల్లలు నేర్చుకునే వాలు దాటలేదు.

ముందు బూట్లు. వాటిని బూట్లనడం తప్పు, కాళ్లకి పోసిన సిమెంటు దిమ్మెలు. వాటి కింద రెండు పొడుగాటి పలకలు బిగిస్తారు. చేతికి రెండు కర్రలు. వొక్కరోజు లిఫ్టు టికెట్టే మన డబ్బులో నాలుగు వేల పైమాట. టికెట్టు కొంటుంటే నా కళ్ల ముందు పాలకూర కట్టలు కదిలాయి. యెన్ని కట్టలమ్మితే నాలుగు వేలు?

నిలబడ్డాను. నేను నిలబడే వున్నాను గాని, కింద పలకలు బయలుదేరాయి! మొదటి గంటలో పదకొండుసార్లు పడ్డాను. మిత్రుడు లెక్క పెట్టాడు. హీరో అలా దొర్లి లేచినప్పుడు కాలరు లోపల మంచు దూరదు కదా, నాకు వీపంతా దూరింది. పక్కనుంచి అయిదేళ్ల పిల్ల "సుయ్" మని జారిపోతూ జాలిగా చూసింది.

నేర్పించే కుర్రవాడు వోపిక గలవాడు. పలకల ముందు కొసలు దగ్గరికి, వెనక కొసలు దూరానికి పెట్టమన్నాడు. అప్పుడు వేగం తగ్గుతుందట. దాన్ని వాళ్లు "బోగెన్" అన్నారు. యిది జపాను మాట కాదే అని ఆరా తీస్తే చక్కటి చరిత్ర బయటపడింది. 1911 జనవరిలో థియొడార్ ఫన్ లెర్ఖ్ అనే ఆస్ట్రియా సైనికాధికారి, యిప్పటి నీగాటా రాష్ట్రంలోని తకాదాలో, జపాను సైనికులకి స్కీయింగ్ నేర్పాడు. జపానువాళ్లకి ఆ విద్య అలా అబ్బింది. అందుకే స్కీ మాటలు చాలావాటికి జర్మన్ భాషే మూలం. వాలుని "గెరెందె" అంటారు, కర్రని "స్తొక్కు" అంటారు. యిదే "బోగెన్"ని యింగ్లీషులో యేమంటారని అడిగాను. "స్నో ప్లౌ" అన్నాడు కుర్రవాడు.

ప్లౌ! అంటే నాగలి!

నాగలయితే నాకు తెలుసు. చిన్నప్పుడు మేడి పట్టించి నాయిన నేర్పిన పాఠం వుంది. "మేడి మీద పడొద్దు. దూరం చూడు. కాళ్లు సడలొద్దు." ఆ పాఠమే యిక్కడా పనికొచ్చింది. పలకల కేసి చూడ్డం మానేసి దూరంగా కొండ కేసి చూశాను. మోకాళ్లు వంచాను. రెండు పలకలూ కలిసి మంచులో చాలు గీసుకుంటూ నెమ్మదిగా దిగాయి. నలభై గజాలు పడకుండా వచ్చాను! కుర్రవాడు చప్పట్లు కొట్టి యే దేశమని అడిగాడు. ఇండియా అన్నాను. యే భాష అంటే తెలుగు అన్నాను. అంతే, "ఆర్‌ఆర్‌ఆర్!" అని కేక పెట్టి, ఆ సిమెంటు బూట్లతోనే నాటు స్టెప్పు మొదలుపెట్టాడు. 2022 అక్టోబరులో అక్కడ విడుదలయిన మన రాజమౌళి సినిమా, 1998 నుంచి జపానులో రికార్డు నిలుపుకున్న రజనీకాంత్ "ముత్తు"ని దాటేసిన సంగతి మనకి తెలిసిందే. ఆ స్టెప్పు కలపబోయి పన్నెండోసారి పడ్డాను. అది మాత్రం లెక్కలోకి తీసుకోలేదు.

సినిమా తెచ్చిన జనం

సాయంత్రం స్కీ జంపింగ్ స్టేడియం చూశాం. కొండని చెక్కి కట్టిన రెండు జారుడుబండలు. కింద నిలబడి పైకి చూస్తేనే కళ్లు తిరిగాయి. 1998 ఫిబ్రవరి 17న యిక్కడ జరిగింది సినిమాకి తీసిపోయే కథ కాదు. జపాను జట్టులో హరాదా అనే ఆటగాడు అంతకు ముందు 1994 వొలింపిక్సులో ఆఖరి దూకుడు చెడి, చేతికందిన బంగారాన్ని పోగొట్టాడు. సొంత గడ్డ మీద కూడా మొదటి దూకుడు మంచుతుఫానులో 79.5 మీటర్లకే కూలింది. జట్టు నాలుగో స్థానానికి పడింది. పోటీ ఆగిపోయే పరిస్థితి. అప్పుడు పరీక్షకోసం దూకే యిరవై అయిదుగురు, పతకాలతో సంబంధం లేనివాళ్లు, ఆ తుఫానులో వొకరి వెనక వొకరు దూకి, పోటీ జరపొచ్చని చూపించారు. రెండోసారి హరాదా 137 మీటర్లు దూకాడు. బంగారం వచ్చింది. తెర వెనకున్న ఆ యిరవై అయిదుగురి మీద 2021లో అక్కడ సినిమా కూడా వచ్చింది. నాయకుడి పాత్ర వాళ్లలో వొకడిది, గెలిచినవాడిది కాదు. మనవాళ్లు గమనించవలసిన సంగతి!

రాత్రి కొటత్సులో కాళ్లు పెట్టుకుని పెద్దాయన్ని మాటల్లో దింపాం. మిత్రుడు దుబాసీ. ఆయన తండ్రి వేసవిలో కొండలెక్కేవాళ్లకి దారి చూపించి, మూటలు మోసేవాడట. చలికాలం పని లేదు. మంచు కింద పొలం, యింట్లో ఆకలి. కొంతమంది కూలికి పట్నం పోయేవాళ్లు. తర్వాత స్కీ ఆడేవాళ్లు రావడం మొదలయింది. వాళ్లకి పడుకోను చోటు కావాలి. తమకి వున్నది యిల్లొక్కటే. అది తెరిచారు.

"1987లో వొక సినిమా వచ్చింది" అన్నాడు పెద్దాయన. నేను చెవులు రిక్కించాను. పేరుకి అర్థం "నన్ను స్కీకి తీసుకుపో". తొమొయొ హరాదా అనే అమ్మాయి నాయిక, యుమి మత్సుతోయా పాటలు. యింతకు ముందు చెప్పిన హరాదాకీ ఈ అమ్మాయికీ యింటిపేరు వొకటే, అంతే. ఆ సినిమా చూసి కుర్రకారంతా తెల్ల డ్రెస్సులేసుకుని కొండల మీద పడ్డారట. "వరండాలో కూడా పక్కలు వేశాం" అని నవ్వాడు. 1990ల తర్వాత ఆ వేడి చల్లారింది. దేశం ఆర్థికంగా చితికింది, కుర్రవాళ్లూ తగ్గారు. గదులు ఖాళీ. యిప్పుడు మళ్లీ జనం. కాని విదేశీయులు. వాళ్లే హోటళ్లు కొంటున్నారు, కడుతున్నారు. హకుబా భూమి ధర ఈ మధ్య యేళ్లలో యెగిరి కూర్చుంది.

"మీ యిల్లు కూడా అడుగుతారా?" అన్నాను.

"ప్రతి సీజనులోనూ యెవరో వొకరు వస్తారు."

కొడుకు టోక్యోలో వుద్యోగం. తిరిగి వస్తాడని నమ్మకం లేదు. నడుం నొప్పి. మంచి ధర. అమ్మడానికి కారణాలన్నీ వున్నాయి. మరెందుకు అమ్మలేదు? పెద్ద మాటలేవో చెబుతాడనుకున్నాను. ఆయన టీ కప్పు చేతుల్లో తిప్పుతూ అన్నాడు:

"అమ్మేస్తే, రేపు పొద్దున లేచి నేనేం చెయ్యాలి?"

"నడుం నొప్పి లేకుండా పడుకోవచ్చు" అంది వంటింట్లోంచి భార్య. అందరం నవ్వాం. నేను కొంచెం ఆలస్యంగా నవ్వాను.

తెల్లవారుజామున అయిదింటికి బయట చప్పుడయితే లేచాను. చీకట్లో దీపం కింద ఆయన పారతో వాకిట్లో మంచు యెత్తుతున్నాడు. రాత్రి పడింది మోకాలెత్తు వుంది. నేనూ వొక పార తీసుకున్నాను. యిద్దరికీ భాష లేదు. పది నిమిషాలకి నాకు చెమట పట్టింది. ఆయన ఆగలేదు. నేను షామీర్‌పేటలో, అదే వేళకి, మడి గట్టు మీద టార్చిలైటు పెట్టుకుని పాలకూర కోస్తున్న మనిషిని తల్చుకున్నాను. అరవై యేడేళ్లుగా ఆ మనిషి పొద్దున లేచి చేసే పని అదొక్కటే. ఫ్లాటు యెన్నో అంతస్తులో తీసుకోవాలా అని ఆలోచించాను గాని, ఈ సంగతి నేను వొక్కసారి కూడా ఆలోచించలేదు.

యింటికి వచ్చాక

నాయిన అడిగిన మొదటి ప్రశ్న మంచు యెట్లుందని కాదు.

"ఆ మంచు కింద యేం పంట?"

"వరి."

"యెన్ని పంటలు?"

"వొక్కటే. ఆరు నెలల దాకా నేల కనపడదంట కొన్ని చోట్ల."

"వొక్క పంట మీద నిలబడ్డరా!" అని చాలాసేపు వూరుకున్నాడు. నేను పెద్దాయన యిల్లు, గోంగూర, పార సంగతి చెప్పాను. తర్వాత ఆయన ప్రశ్నే నాయినని అడిగాను. "అమ్మినంక పొద్దున లేచి నువ్వేం చేస్తవ్ నాయినా?"

"అదే ఆలోచిస్తున్న, నువ్వు పోయిన కాడి నుంచి" అన్నాడు.

బేరం వెనక్కి తీసుకున్నాం. కొనేవారికి కోపం వచ్చింది. రాకుండా యెలా వుంటుంది? చివరికి ఉగాది లోపల బయానా పూర్తిగా తిరిగిచ్చేట్టు వొప్పుకున్నారు. యెనిమిది లక్షలా యిరవై వేలు భద్రంగా వుంది. లక్షా యెనభై వేలు హకుబా మంచులో కరిగింది. కెమెరా అమ్మాను. మూడు పత్రికలకి వ్యాసాలు రాశాను. అక్క కొంత సర్దింది. గడువు దాటకముందే ఆ పది లక్షలూ చేతిలో పెట్టేశాం. అక్కకి మాత్రం యింకా నలభై వేలు బాకీ.

రేపు ఆ యెకరంన్నర నిలబడుతుందో లేదో చెప్పలేను. పక్క పొలం ఈ నెల్లోనే గోడ కట్టేశారు. హకుబా యింటికి యేటా వచ్చినట్టే మాకూ వస్తారు, అడుగుతారు. కాకపోతే యిప్పుడు ఆదివారం పొద్దున నేనూ మడికి పోతున్నాను. రెండు గదులు వేసి, పట్నం నుంచి వచ్చేవాళ్లకి జొన్నరొట్టె, పాలకూర పప్పు పెడితే యెలా వుంటుందని నాయిన ఆలోచన. "చలిమంట మనం గూడ పెట్టొచ్చు గద!" అంటున్నాడు. గొంగళ్లు ఉచితం.

అన్నట్టు, సంపాదకులవారికి చిన్న మనవి. ఈ వ్యాసం తాలూకు పారితోషికం కాస్త త్వరగా పంపించాలి. అక్క అడుగుతోంది.